ఓబులేసు గారి కరెంటు బండి

తార్నాకలోని ఆ అపార్ట్‌మెంట్‌కు మొదటి ఎలక్ట్రిక్ కారు తెచ్చింది నవనీత. యూనివర్సిటీలో భూగోళశాస్త్రం చెబుతుంది, కాంట్రాక్టు ఉద్యోగం. నలభై దాటాయి. పెళ్ళి మాట ఎప్పుడో పక్కన పెట్టేసింది. తండ్రి బిక్షపతి, తల్లి కాశమ్మ, తమ్ముడు ప్రేమ్ కుమార్ జనగామ దగ్గర పల్లెలో ఉంటారు. ఆదివారాలు పోయి వాళ్ళతో గడిపి రావడానికే ఆమె ఆ కారు కొన్నది.

మొదటిసారి తండ్రిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరినప్పుడు, బండి కదిలిన సంగతి ఆయనకు తెలియనే లేదు. "స్టార్ట్ చెయ్యవేందే బిడ్డా?" అన్నాడు. కిటికీలోంచి ఇళ్ళు వెనక్కి పోవడం చూసి ఉలిక్కిపడి, తర్వాత ఊరి చివరిదాకా నవ్వుతూనే ఉన్నాడు. చర్చి దగ్గర కలిసినవాళ్ళందరికీ నెల రోజులు అదే చెప్పాడు, నా బిడ్డ బండికి సప్పుడే లేదని.

ఆ కారు పొడ గిట్టనిది ఓబులేసు గారికి. ఆయన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అధ్యక్షుడు. నంద్యాల వైపు మనిషి. నీటిపారుదల శాఖలో ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి, ఇక్కడే రిటైరై, పై అంతస్తులో భార్య కామాక్షమ్మతో ఉంటున్నాడు. ఎక్కడ ఏ స్కూటర్ బ్యాటరీ అంటుకున్నా ఆ వీడియో ఆయన ఫోను నుంచి అందరి ఫోన్లకూ వచ్చేది. నవనీత తన ఫ్లాటు మీటరు నుంచే వైరు లాగించి, తన పార్కింగు స్థలంలో ప్లగ్గు పెట్టించుకుంది. అయినా ఆయన మెట్ల దగ్గర ఎదురైనప్పుడల్లా అదే పాట. "కింద నువ్వు బాంబు పెట్టుకున్నావు, పైన మేం పండుకుంటాండాం. గుర్తు పెట్టుకో అమ్మా." ఆమె నవ్వి, "ఏం గాదు అంకుల్," అనేసి పోయేది.

ఫిబ్రవరిలో ఒక రోజు తెల్లవారుతుండగా ప్రేమ్ కుమార్ ఫోన్ చేశాడు. "అక్కా, నాయనకు ఛాతీల నొప్పి లేసింది. జనగామ దవాఖానకు తెచ్చిన. హైదరాబాద్ తీస్కపొమ్మంటున్నరు. నిన్నే అడుగుతున్నడు, జల్ది రా."

ఆమె చెప్పులు వేసుకుని కిందికి పరుగెత్తింది. సాయంత్రం పెట్టిన ప్లగ్గు పెట్టినట్టే ఉంది. దాని మీద వెలగవలసిన పచ్చ లైటు వెలగడం లేదు. కారులో కూర్చుని చూస్తే తెర మీద పదకొండు శాతం. ఘట్‌కేసర్ దాటితే గొప్ప. వాచ్‌మన్ రాజన్నను కేకేసింది. అతను కళ్ళు నులుముకుంటూ వచ్చి, "ఓబులేసు సారు నిన్న రాత్రి ఫ్యూజు తీయమన్నడు మేడం. మీకు చెప్పిండనుకున్న," అన్నాడు.

ఆ ఫ్యూజు సారు ఇంట్లో ఉంది. పెట్టుకున్నా బండి నిండేందుకు గంటలు పడుతుంది. ఆమె గేటు ముందు నిలబడి క్యాబు కోసం ప్రయత్నించింది. ఒకతను ఎక్కడికని అడిగి, జనగామ అనగానే పెట్టేశాడు. ఇంకొకతను వస్తున్నట్టు చూపించి, హబ్సిగూడ చౌరస్తా నుంచి అటే మళ్ళిపోయాడు. చివరికి దొరికిన కారు భువనగిరి దాటుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. ఈసారి ఏమీ చెప్పలేదు, ఏడ్చాడు.

దవాఖాన వరండాలో బిక్షపతి మీద దుప్పటి కప్పి ఉంది. పాస్టరు తలవంచుకుని ప్రార్థన చేస్తున్నాడు. తల్లి గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. ప్రేమ్ కుమార్ అక్క చెయ్యి పట్టుకుని, అది ఆమెను ఎట్లా కోస్తుందో తెలియకుండానే చెప్పాడు. "అంబులెన్స్ వద్దన్నడక్కా. బిడ్డ బండేసుకుని వస్తది, దాంట్లనే పోదామన్నడు. ఆఖరు దాక దర్వాజ దిక్కే చూసిండు."

కార్యక్రమాలన్నీ అయ్యాక తార్నాకకు వచ్చిన రోజే ఆమె పై అంతస్తుకు వెళ్ళి తలుపు కొట్టింది. ఓబులేసు గారు హాల్లో పేపరు చదువుకుంటున్నాడు. తండ్రి పోయిన సంగతి ఆయనకు తెలుసు. "పాపం, విన్నానమ్మా. కూర్చో," అన్నాడు.

ఆమె కూర్చోలేదు. "నా ఫ్యూజు ఎందుకు తీపిచ్చిన్రు?"

"కింద బండ్లకు కరెంటు పెట్టగూడదని తీర్మానం చేసినాం కదమ్మా. గ్రూపులో పెట్టినాం."

"ఎప్పుడు పెట్టిన్రు?"

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "పెట్టాలనే అనుకున్నాం. ఈలోపలే నీకు ఇట్లయింది. అయినా ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. కరెంటు బండిని నమ్ముకుంటే అంతే. నడిదోవలో ఆగకుండా ఇంటికాడే ఆగింది, అందుకు సంతోషపడు."

పేపరు రెండో పేజీకి తిప్పాడు. కామాక్షమ్మ లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చింది. నవనీత గ్లాసు అందుకోలేదు. తండ్రి తలుపు వైపు చూసిన సంగతి ఈ మనిషికి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. చెబితే దానికీ ఒక జవాబు ఇస్తాడనిపించింది. మెట్లు దిగుతూ, ఈ మనిషిని వదలకూడదు అనుకుంది. ఏం చెయ్యాలో తెలియదు, ఎప్పుడో తెలియదు. వదలకూడదు, అంతే.

డిపార్ట్‌మెంటులో తోటి లెక్చరర్ శైలజ పోలీసు కేసు పెట్టమంది. ఏమని పెట్టాలి? ఫ్యూజు తీసినందుకా? అంబులెన్స్ ఎక్కించి ఉంటే బతికేవాడేమో, అప్పటికీ బతికేవాడు కాడేమో. అది ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. తండ్రి చూపు మాత్రం ఆమెకు తేలిన విషయం.

అప్పటి నుంచి ఆమె ఛార్జింగు హబ్సిగూడలో. ఒక షాపింగ్ కాంప్లెక్సు వెనక కొత్తగా పెట్టిన మిషను దగ్గర కారు నిలిపి, అందులోనే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేది. ప్లగ్గు సంగతి అడిగిన ప్రతిసారీ ఓబులేసు గారు "మీటింగులో పెడదాం" అన్నాడు. ఆమె ఆయనను అంకుల్ అనడం మానేసింది. ఇప్పుడు సార్ అంటోంది. ఆయన అది గౌరవమనుకున్నాడు.

ఎండాకాలం మొదట్లో ఓబులేసు గారి పాత పెట్రోలు కారు పూర్తిగా మొండికేసింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు అనూష తండ్రి పుట్టినరోజుకని కొత్త కారు పంపించింది. పూలదండతో, నెత్తి మీద ఎర్ర రిబ్బనుతో అది గేటులోకి చప్పుడు లేకుండా వచ్చింది. ఎలక్ట్రిక్ కారు. అపార్ట్‌మెంట్ అంతా చుట్టూ మూగి చప్పట్లు కొట్టింది. అంతమంది ముందు బిడ్డ ఇచ్చిన బహుమతిని వద్దనలేక ఆయన నవ్వుతూ నిలబడ్డాడు.

వారం తిరక్కుండా తీర్మానం మారిపోయింది. ఆయన పార్కింగు గోడకు మెరిసే ఛార్జింగ్ పెట్టె బిగించారు. నవనీత ప్లగ్గుకు మాత్రం ఇంకా ఫ్యూజు రాలేదు, దానికి విడిగా మీటింగు కావాలట. ఆ సాయంత్రం ఆమె ఆ పెట్టె ముందు నిలబడి దాని పచ్చ లైటును చాలాసేపు చూసింది. ఇంట్లో సుత్తి ఎక్కడుందో కూడా గుర్తు చేసుకుంది. తర్వాత పైకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఓబులేసు గారే మైసూరుపాకు డబ్బాతో ఆమె తలుపు కొట్టాడు.

"ఈ బండి సంగతి నీకంటే తెలిసినోళ్ళు ఈడ ఎవరుండారమ్మా? కంపెనీవోడు ఒకసారి నింపితే నాలుగొందల కిలోమీటర్లు పోతాదంటాండాడు. నిజమేనా?"

ఆమె ఆయన ముఖం చూసింది. ఎప్పుడూ ఒకరికి చెప్పడమే గానీ అడగడం ఎరగని ఆ ముఖంలో, కనుబొమ్మల మధ్య, సన్నటి భయం ఉంది. ఇన్నాళ్ళూ వెతుకుతున్నది తనంతట తానే తలుపు కొట్టుకుని వచ్చిందని ఆమెకు అర్థమైంది.

"పోతది సార్," అంది. మైసూరుపాకు డబ్బా అందుకుని, "కంపెనీ వాళ్ళ టెస్టుల అయితే పోతది," అంది.

"అంటే?"

"వాళ్ళు నెమ్మదిగ నడిపి చూస్తరు. మన రోడ్ల మీద, మన ఎండల, ఏసీ వేసుకుని పోతే అంత రాదు. కూర్చోండి సార్. చాయ్ తాగుతరా?"

అబద్ధం ఒక్కటి చెప్పకూడదని ఆమె ఆ రోజే నియమం పెట్టుకుంది. అబద్ధమైతే ఆయన ఇంకొకరిని అడిగి తెలుసుకోవచ్చు. నిజమైతే ఎవరిని అడిగినా అవుననే అంటారు. కాబట్టి నిజాలే చెప్పింది. ఒక్కసారిగా కాదు, రోజుకొకటి. హైవే మీద వేగంగా పోతే ఛార్జి తొందరగా దిగుతుందని ఒక రోజు చెప్పింది. ఎండలో నిలబెడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుందని మరో రోజు. ఊళ్ళ మధ్య ఛార్జర్లు కొన్నిసార్లు పనిచెయ్యవనీ, పనిచేసినా ముందు ఇంకో బండి ఉంటుందనీ, ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్ ఉంటుందనీ, అవన్నీ ఫోనులో ఉన్నా సిగ్నలు లేకపోతే మిషను తెరుచుకోదనీ చెప్పింది. వీటికి ఉపాయాలున్నాయి. ఆమె జనగామ దారిలో అన్ని కాలాల్లోనూ హాయిగా తిరిగింది. ఆ ఉపాయాలు చెప్పలేదు. మామూలుగా తిరిగేవాళ్ళకు వారానికి రెండుసార్లు నింపితే చాలునని చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తన కారు దారిలో ఆగలేదని అసలే చెప్పలేదు.

రాత్రి భోజనం చేస్తూ మరుసటి రోజు ఏ నిజం చెప్పాలో ఆలోచించుకునేది, క్లాసుకు పాఠం తయారు చేసుకున్నంత శ్రద్ధగా.

మందు పనిచేసింది. మే నెల మధ్యాహ్నం ఓబులేసు గారు ఏసీ ఆపేసి, అద్దాలు దించి, మెడచుట్టూ తడి తువ్వాలు వేసుకుని కారు నడపసాగాడు. తార్నాక ఫ్లైఓవరు మీద ఆయన వెనక బస్సులు, ఆటోలు హారన్లు మోగిస్తూ బారులు తీరేవి. ఎత్తు ఎక్కేటప్పుడు ఎంత శాతం దిగిందో చూడడంలో పడి ఆయన రోడ్డును మరిచిపోయేవాడు. కొన్నాళ్ళకు అటు పోవడమే మానేసి క్యాంపస్ లోపల తిరగడం మొదలుపెట్టాడు. ఇల్లు దగ్గర గనక ఆగినా నడిచి రావచ్చు. ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి హాస్టళ్ళ దాకా పోయి, తిరిగి వచ్చి, పెట్టెకు తగిలించేవాడు. క్లాసు కిటికీలోంచి ఆ తెల్ల కారు ఎడ్లబండిలా పోవడం చూస్తే నవనీతకు ఆ రోజంతా బాగా గడిచేది.

గోల్నాకలో ఆయన పాత ఆఫీసు స్నేహితుడు ఒకడున్నాడు. ప్రతి శనివారం అక్కడ పేకాట. ఒక శనివారం అంబర్‌పేట దాకా పోయి వెనక్కి వచ్చేశాడు. "తొంభై ఎనిమిదికి దిగిందమ్మా," అని ఆమెకే చెప్పాడు. "ఇట్ల దిగితే తిరిగొచ్చేసరికి ఏం మిగులుతాది?"

తొంభై అయిదు మిగులుతుందని చిన్నపిల్లవాడైనా చెబుతాడు. "జాగ్రత్త మంచిదే సార్," అంది నవనీత.

అపార్ట్‌మెంటులో ఆయనకు పర్సెంటు సార్ అని పేరు పడింది. నీళ్ళ ట్యాంకు గురించి మీటింగులో ఆయన గట్టిగా మాట్లాడుతుంటే వెనక నుంచి ఎవరో, "ట్యాంకుల ఎంత పర్సెంటు ఉన్నది సార్?" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన మాట మధ్యలో ఆపి కూర్చున్నాడు. ఆ పై నెలలో అధ్యక్ష పదవికి ఇంకొకరిని పెట్టుకున్నారు. నవనీత కూడా ఆ ఇంకొకరికే చెయ్యెత్తింది.

ఒక సాయంత్రం ఆయన కళ్ళ కింద నల్లటి చారలతో వచ్చి, "కలలో కూడా బండి ఆగిపోతాందమ్మా. చుట్టూ ఎవరూ ఉండరు. ఫోనూ పనిచెయ్యదు," అన్నాడు.

"మొదట్ల అట్లనే అనిపిస్తది సార్. కొందరికి తగ్గుతది."

"మిగిలినోళ్ళకో?"

ఆమె సానుభూతిగా తల ఊపింది. ఆయన వెళ్ళాక తలుపు వేసి, దానికే వీపు ఆనించి నవ్వింది. తండ్రి పోయాక అంతగా నవ్వడం అదే మొదలు.

జూలైలో ఒక ఉదయం ఆమె క్లాసుకు పోతుండగా ఆయన ఫోన్ వచ్చింది. వెనక లారీల రొద.

"షాద్‌నగర్ కాడ ఉండాను. ఎనభై చూపిస్తాంది. జడ్చర్లలో ఛార్జరు పనిచేస్తాదా?"

ఆయన ఊరు దాటి అంతదూరం పోయాడా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది. ఏ గుడికో అనుకుంది. ఎక్కడికని అడగలేదు. "యాప్‌ల అయితే పనిచేస్తదనే చూపిస్తది సార్. పోయినంక ఎట్లుంటదో ఎవరు చెప్తరు?"

ఆయన, "సరేమ్మా," అని పెట్టేశాడు. ఆమె రుతుపవనాల పాఠం చాలా బాగా చెప్పింది ఆ రోజు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి ఆమె తలుపు దగ్గర మెట్టు మీద కామాక్షమ్మ కూర్చుని ఉంది. మంచి చీర కట్టుకుని ఉంది. కొప్పులో పూలు వాడిపోయాయి. పక్కన బట్టల సంచి. మోకాళ్ళ నొప్పుల మనిషి, మూడంతస్తులు ఆ సంచితో దిగి వచ్చింది.

"మా చెల్లెలు అమల, కర్నూల్లో పెద్దాసుపత్రిలో ఉండాదమ్మా," అంది. "నిన్న రాత్రి నుంచి నన్ను అడుగుతాందంట. పొద్దన్నే బయల్దేరినాం. షాద్‌నగర్ కాడ ఆయప్ప ఎవరికో ఫోన్ చేసి బండి వెనక్కి తిప్పినాడు. క్యాబు పిలువమంటే, ఇంటి ముందర కొత్త కారు పెట్టుకుని క్యాబు ఎక్కితే నవ్వుతారంట. రేపు చూద్దామంటాండాడు. రేపటిదాకా అది ఉంటాదో లేదో నాకేం తెలుసు?"

నవనీత తాళం చెవి పట్టుకుని అట్లాగే నిలబడింది. నిజం చెప్పాలంటే, మొట్టమొదట ఆమెలో కదిలింది జాలి కాదు. ఆ ఇంటివాళ్ళ కోసం కూడా ఎవరో ఒకరు తలుపు వైపు చూస్తున్నారు. చూడనీ, అనుకుంది. ఎట్లా ఉంటుందో తెలియనీ. ఆ ఆలోచన తియ్యగా ఉంది. ఒక్క క్షణమే. ఎదురుగా కూర్చుని చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నది ఓబులేసు కాదు. కర్నూలు ఆసుపత్రిలో చూస్తున్న మనిషిని తను ఎన్నడూ చూడలేదు. షాద్‌నగర్ ఫోను ఎత్తింది మాత్రం తనే.

"లేవండి ఆంటీ," అంది. "పోదాం."

ఆమె కారులో ఎప్పటిలాగే ఛార్జి అడుగున ఉంది, హబ్సిగూడ పోయి నింపుకోవాలి. అందుకని పైకి వెళ్ళి తలుపు తోసింది. ఓబులేసు గారు బనీనుతో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు.

"కారు చెవి ఇవ్వండి సార్. ఆంటీని కర్నూలు తీస్కపోత."

"అరవైకొచ్చిందమ్మా. రెండొందల కిలోమీటర్ల పైన పోవల్ల. యాడన్నా ఆగిపోతే?"

"ఆగదు. జడ్చర్లల నింపుకుంటం. అక్కడి మిషను పనిచేస్తది. పొద్దున కూడ పనిచేసింది."

ఆయన ఆమెను వింతగా చూశాడు. "పొద్దున నువ్వే కదా..."

"నేనే. ఇన్ని దినాలు మీకు నేను చెప్పినయన్నీ సగాలు. మిగతా సగం దాచిపెట్టుకున్న. నా బండి ఒక్కనాడు కూడ దారిల ఆగలే. ఆగింది మీరు ఫ్యూజు పీకిచ్చిన నాడే." ఆ మాటలు లోపల ఎన్నోసార్లు చెప్పుకుని ఉన్నవి. "ఆ నాడు మా నాయన అంబులెన్స్ వద్దన్నడు. బిడ్డ బండి వస్తదని దర్వాజ దిక్కు చూసుకుంట పోయిండు. మీరు నన్ను సంతోషపడమన్నరు."

"నేను కావాలని చేసినానా అమ్మా?" అన్నాడు ఓబులేసు గారు.

"కావాలని చెయ్యలే. నన్ను అడగాల్నని కూడ అనుకోలే. నేను మాత్రం కావాల్ననే చేసిన."

గుమ్మంలో కామాక్షమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు ఎక్కి వచ్చిందో. వాళ్ళిద్దరి మధ్య నుంచి నడిచి వెళ్ళి, టీవీ పక్కనున్న కారు చెవి తీసుకుంది. ఆయన చొక్కా కోసం లేచాడు. "నువ్వు రావద్దులే," అందామె. "ఇంట్లో కూర్చో."

దారిలో నవనీత ఏసీ వేసింది. కామాక్షమ్మ దాని గాలికి ముఖం పెట్టి కళ్ళు మూసుకుంది. ఆ కారు వచ్చాక ఏసీ వెయ్యడం అదే మొదటిసారట.

జడ్చర్లలో హోటలు పక్కన రెండు మిషన్లున్నాయి, రెండూ ఖాళీగా. నవనీత తగిలించి వచ్చి చాయ్ తెచ్చింది. కామాక్షమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "నువ్వు ఆయప్పను భయపెడతాండావని నాకు మొదటి దినమే తెలుసు," అంది.

నవనీత తలెత్తింది.

"మైసూరుపాకు తీసుకుని నీ కాడికి వచ్చి, తిరిగొచ్చినప్పుడు ఆయప్ప ముఖం చూసినా. ఆ పిల్ల ఊరుకోదు అనుకున్నా. నేను నీళ్ళు ఇస్తే తీసుకోలేదు కదా నువ్వు."

"మరి ఆయనకు చెప్పలేదేంది ఆంటీ?"

"నాకది బాగుండింది. అందుకే చెప్పలే." కామాక్షమ్మ చాయ్ ఊదుకుంది. "పెండ్లయిన కాడి నుంచి, యాడికి పోవల్లన్నా వద్దనడానికి ఆయప్పకు ఒక కారణం ఉంటాది. ఎండనో, వాననో, దొంగలో. ఇప్పుడు బ్యాటరీ. ఆయప్ప కూడా యాడికీ పోలేక ఇంట్లో కూర్చుంటే, ఎట్లుంటాదో చూడనీలే అనుకున్నా. కడుపులో నవ్వుకున్నా." గ్లాసు కింద పెట్టింది. "అది నాకే వచ్చి తగిలింది. ఒకటి చెప్తా విను. నీ నాయన సంగతికి ఆయప్ప మీద నీకెంత కోపం ఉన్నా నేను అడ్డం రాను. అది నీది. ఇప్పుడు మనం పోయేసరికి మా అమలకు ఏమన్నా అయ్యుంటే మాత్రం, నిన్ను గూడా నేను వదల్ను."

ఆమె గొంతు పెంచలేదు. అది ఆనాడు నవనీత మెట్లు దిగుతూ అనుకున్న మాటే. "వదలకండి ఆంటీ," అంది.

ఆ తర్వాత దారంతా నవనీత భయపడుతూనే నడిపింది. శాతం గురించి కాదు. కామాక్షమ్మ ఫోను ఒడిలో ఉంది. అది మోగితే ఏం వినాలో అని. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు ఒకసారి మోగింది. ఓబులేసు గారు. కామాక్షమ్మ చూసి కట్ చేసింది.

కర్నూలు చేరేసరికి ఇంకా వెలుగుంది. అమల బతికే ఉంది. ముక్కులో గొట్టంతో, ఎముకల గూడులా, మంచం మీద. అక్కను చూసి, "ఇంత పొద్దుపోయినాకా వచ్చేది?" అని తిట్టింది. కామాక్షమ్మ ఆమె అరచేతిని తన చెంపకు ఆనించుకుని కూర్చుండిపోయింది. నవనీత బయటి వరండాలోకి వచ్చి, ఎవరూ లేని బెంచీ చూసుకుని కూర్చుని, ఫిబ్రవరి నుంచి ఏడవనిదంతా ఏడ్చింది.

అమల గండం గడిచి ఇంటికి చేరింది. నవనీత మాత్రం కామాక్షమ్మను అక్కడే ఉంచి, పోయిన మరునాడే తిరిగి వచ్చి, కారును ఓబులేసు గారి పెట్టెకు తగిలించి, చెవి రాజన్న చేతికిచ్చి పైకి పంపింది. ఆమె పైకి పోలేదు.

కొన్నాళ్ళకు ఆమె కాలేజీ నుంచి వచ్చేసరికి, పార్కింగులో ఎలక్ట్రీషియన్ పక్కన ఓబులేసు గారు నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ప్లగ్గు మీద పచ్చ లైటు వెలుగుతోంది. కొత్త వైరు, పైన వాన పడకుండా చిన్న రేకు. ఆయన చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. ఎలక్ట్రీషియన్ వెళ్ళేదాకా ఆగి, "తప్పయింది నవనీతమ్మా," అన్నాడు. కాసేపు నేల చూసి, "నాయన పేరేందమ్మా? ఇన్నాళ్ళూ అడగనేలేదు," అన్నాడు.

ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. అది ఆమెకు తెలుస్తూనే ఉంది. చెప్పేస్తే ఆయనకు కొంత బరువు దిగుతుంది. ఇంటికి పోయి ఆ పేరు తలుచుకుని, అయ్యో అనుకుని, రాత్రికి నిద్రపోతాడు.

"ఆ పేరు మీకెందుకు సార్?" అని, ఆమె తన కారు ప్లగ్గుకు తగిలించి పైకి వెళ్ళిపోయింది.

ఆగస్టులో కామాక్షమ్మ కర్నూలు నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే నవనీత తలుపు కొట్టి, "నాకు డ్రైవింగు నేర్పిస్తావా?" అంది. అరవై దాటిన మనిషి. సైకిలు కూడా తొక్కి ఎరగదు. అయితే ఆ కారుకు గేర్లు లేవు, క్లచ్చి లేదు. ఎడమ మోకాలికి పనే లేదు. లైసెన్సు ఆఫీసులో కుర్రవాళ్ళ మధ్య వరుసలో కూర్చుని ఆమె లెర్నింగు పరీక్ష రాసి వచ్చింది. బండి మీద ఎర్రటి ఎల్ అక్షరం అంటించారు.

రోజూ పొద్దున క్యాంపస్‌లో నేర్పింది నవనీత. నడక మనుషులు, క్రికెట్ ఆడే పిల్లలు, రోడ్డుకు అడ్డంగా పడుకునే కుక్కలు. మొదటి వారం కామాక్షమ్మ స్టీరింగును రోలులా పట్టుకుని, ప్రతి మనిషికీ ఆపింది. రెండో వారానికి కుక్కలకు హారన్ కొట్టడం వచ్చింది. మూడో వారం ఆమె చంకలో చెమట పట్టకుండా ఆర్ట్స్ కాలేజీ మలుపు తిప్పింది. తెర మీద శాతం వైపు ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. అదేమిటని అడిగితే, "అయిపోతే చెప్తాదిలే," అంది.

ఓబులేసు గారు మొదట్లో వెనక సీట్లో కూర్చుంటానన్నాడు. జాగ్రత్తలు చెప్పడానికట. కామాక్షమ్మ ఒప్పుకోలేదు. అందుకని ఆయన రోజూ పాలప్యాకెట్లు తెచ్చే నెపం మీద గేటు దగ్గర నిలబడేవాడు, వాళ్ళు తిరిగి వచ్చేదాకా.

కామాక్షమ్మ మొదటిసారి క్యాంపస్ దాటి మెయిన్ రోడ్డు మీదకు తెచ్చిన రోజు సన్నగా వాన పడుతోంది. తార్నాక చౌరస్తాలో బస్సు వెనక నిలబడింది, సిగ్నలు పడ్డాక తడబడకుండా కదిలింది, తమ వీధిలోకి తిప్పింది. గేటు దగ్గర ఓబులేసు గారు ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో పాలు పట్టుకుని ఉన్నాడు. కారును చూసి ముఖం వెలిగింది. గొడుగు చంకలో ఇరికించుకుని, తడుస్తూ గేటు రెండు రెక్కలూ తెరిచి, రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

కామాక్షమ్మ వేగం తగ్గించింది. కిటికీలోంచి భర్తను ఒకసారి చూసింది. తర్వాత నవనీత వైపు తిరగకుండానే, "మల్కాజ్‌గిరి దాకా పోయొద్దామా?" అని, గేటులోకి తిప్పకుండా ముందుకు పోనిచ్చింది.

"పోనియ్యండి ఆంటీ," అంది నవనీత.